మిట్టమధ్యాహ్నపు నీళ్లు

మొన్న ఆదివారం మా తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, పెరట్ల కొట్టం పీకేస్తున్నం. చూరుల నీ సామాను ఏదో సంచిల ఉన్నది. వచ్చి చూస్కుంటవా, పారెయ్యమంటవా?" అన్నాడు. పారెయ్యమనే అనబోయాను. ఇన్నేళ్లుగా గుర్తుకు రాని సామానుతో నాకేం పని? కానీ నాకో దురలవాటుంది. ఎవరైనా ఏదైనా పారేస్తామన్నారంటే చాలు, అప్పటిదాకా అక్కరలేని వస్తువు మీద ఎక్కడలేని ప్రేమా పుట్టుకొస్తుంది. ఖమ్మంలో పొద్దున్నే బస్సెక్కి, ఇల్లందులో దిగి, ఇంకో బస్సు పట్టుకుని పోయాను. నేను పోయేసరికే కొట్టం పైకప్పు దింపేశారు. పెంకులన్నీ ఒక పక్కన పేర్చి ఉన్నాయి. వాటి మీద గోనెసంచి, సంచిలో ఇనుప తీగ చుట్టుకు కుట్టిన గరాటు లాంటి బట్ట, దాని తోకకు రబ్బరుతో బిగించిన వేలెడు గాజు గొట్టం. బట్టను ఎలుకలు కొరికేశాయి. గాజుతో వాటికేం పని, అది అలాగే ఉంది. "ఇది చాయ వడగట్టేదా వదినా?" అని మా మరదలు అడిగింది. నవ్వాను. గొట్టం మీద ఉన్న గీతలు కనిపించాక నవ్వు ఆగిపోయింది. "చాయదే అనుకో" అని చెప్పి ఆ పెంకుల పక్కనే కూర్చుండిపోయాను.

నేను ఇప్పుడు జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్తాను. పిల్లలు నన్ను తెలివైనదాన్నే అనుకుంటారు. అలా అనుకున్నవాళ్లలో మొట్టమొదటివాడు మా నాయిన. ఆయన అనుకోకుండా ఉంటే బాగుండేదని నాకు చాలాసార్లు అనిపించింది.

ఆ రోజుల్లో మా ఇంటి వెనక గోడ దాటితే అడవే. తునికి చెట్లు, ఇప్పచెట్లు, మధ్యలో టేకు. ఎండాకాలం ఇప్పపూల మత్తు వాసన వంటింట్లోకి వచ్చేసేది. మిగతా కాలమంతా తడి వలల వాసనా, ఎండబెట్టిన చిన్నచేపల వాసనా, రాక్షసిబొగ్గు పొయ్యి వాసనా కలిసిపోయి మా బట్టలకు పట్టుకునేవి. కొత్తగూడెం కాలేజీలో నా పక్కన కూర్చునే అమ్మాయి నోరు తెరిచి ఏమీ అనేది కాదు గానీ కిటికీ తెరిచేది. మధ్యాహ్నం మూడింటికి ఓపెన్ కాస్టు గనిలో బ్లాస్టింగ్ జరిగితే మా ఇంట్లో గిన్నెలన్నీ గలగలమనేవి. ఆ మోతకే అమ్మ లేచి పొయ్యి రాజేసేది. మాకు గోడ గడియారం లేని లోటు ఎప్పుడూ తెలియలేదు.

అయితే మా ఇంట్లో అసలైన వింత మా నాయనమ్మ నీళ్లకు పోవడం. ఊళ్లో ఆడవాళ్లంతా తెల్లవారుజామున ఒకసారి, పొద్దుగూకేముందు ఒకసారి దిగుడుబావికి పోయేవాళ్లు. మా నాయనమ్మ మాత్రం సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికి వచ్చేదాకా అరుగు మీద కూర్చుని, అప్పుడు బిందె చంకనెత్తుకునేది. కాళ్లకు చెప్పులుండవు. "ముసల్దానికి ఎండ పిచ్చి లేసింది" అని పక్కింటివాళ్లు నవ్వేవాళ్లు. బోరింగు పడ్డాక కూడా ఆమె బావి మానలేదు, ఆ బోరు నీళ్లకు కందిపప్పు ఉడకదనేది. బావిలో మెట్టు దిగినా నీళ్లలో కాలు పెట్టేది కాదు. పొడి మెట్టు మీదే వంగి, బిందెను పక్కకు వాల్చి, మీగడ తీసినట్టు పైపై నీళ్లే నింపుకునేది. కింది నీళ్లు కదిలాయా, ఆ బిందె మొత్తం కుమ్మరించి మళ్లీ మొదలు. ఇంటికొచ్చి పాత చీరముక్క మూడు మడతలు వేసి, కుండ మూతికి కట్టి వడగట్టేది. ఆ గుడ్డను ఇంకెవరూ ముట్టుకోకూడదు. ఉతకడం కూడా తనే.

ఆమె కుడి చీలమండ పైన నాణెం అంత మచ్చ ఉండేది. కొత్తగా కాపురానికి వచ్చిన ఏడు నారిపురుగు బయటికి వచ్చిన చోటు అది. బావి నీళ్లలో కంటికి ఆనీ ఆనని నలుసులుంటాయి, నారి జబ్బును మోసేవి అవి. తాగిన మనిషి ఒంట్లో ఏడాదిపాటు పెరిగి దారం లాంటి పురుగు కాలు చీల్చుకుని వస్తుంది. తెగకుండా పుల్లకు చుట్టుకుంటూ పూటకింత లాగాలి. తెగితే ఇక ఆ కాలు వాచి నరకమే. నాట్ల రోజుల్లో రెండు నెలలు మంచంలో ఉంటే అత్తగారు ఏమేం అన్నదో నాయనమ్మ మాకు వరసగా చెప్పేది, ఒక్క మాట కూడా మరిచిపోకుండా. చివరికి ఎప్పుడూ ఒకటే ముక్తాయింపు: "ఎండ నెత్తి మీదికొస్తే నలుసులన్ని అడుగుకు దిగుతయ్. పొద్దు పోయినంక పైకి లేస్తయ్. నేను మిట్టమధ్యాహ్నం పోయేది ఎండ మీద మోజుతోని కాదు." ఆ జబ్బు మా ప్రాంతంలో పోయింది, దాన్ని గురించి చెప్పే దవాఖానా వాళ్లు కూడా రావడం మానేశారు, ఈమె మాత్రం మానలేదు. నేను డిగ్రీలో చేరాక ఒకసారి ఆటపట్టించాను, "ఆ పురుగులకు గడియారం ఉన్నదా నాయనమ్మా?" అని. "నీకున్నది గదా, నువ్వెప్పుడన్న టైముకు లేసినవా?" అన్నది. ఇంట్లో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అంతే, ఆ మాట నా చెవి దాటి లోపలికి పోలేదు.

మా నాయిన పేరు ఎల్లయ్య. చేపలు పట్టే కుటుంబాలు మా ఊళ్లో పన్నెండు, అందరికీ కలిపి ఒక సంఘం, ఒక పెద్ద చెరువు. ఏటా చెరువు నిండాక ఎక్కడినుంచో తెచ్చిన చేపపిల్లలను వదిలేవాళ్లు. దారిలోనే సగం చచ్చేవి, మిగిలినవి పెరిగేదాకా నమ్మకం లేదు. ఆ ఏడాది సంఘం పెద్ద రాములు పెదనాయన అందరినీ కూర్చోబెట్టి, ఈసారి గుడ్డు నుంచి అప్పుడే వచ్చిన పిల్లలనే తెచ్చి మన కుంటలో మనమే పెంచుకుందామన్నాడు. అడవి అంచున నడుము లోతు కుంట ఒకటి ఉంది. అందులో వేలెడు పొడుగు అయ్యేదాకా సాకి, ఆగస్టులో పెద్దచెరువులో వదిలితే ఏడాదంతా పన్నెండు ఇళ్లకూ చేపలకు కొదవుండదు. పక్క కోయగూడెం వాళ్లు మా చేపలు తీసుకుని ఇప్పపూలూ, పుట్టతేనె ఇచ్చేవాళ్లు, ఆ ఇచ్చిపుచ్చుకోవడమూ సాగుతుంది. కుంటను ఎవరు చూస్తారంటే అందరూ మా నాయిన పేరే చెప్పారు. ఆయన ఆ రోజు ఇంటికొచ్చి అన్నం తినలేదు. సంతోషమో భయమో మాకు తెలియలేదు. "పన్నెండు ఇండ్ల తిండి నా చేతిల పెట్టిండ్రే" అని అమ్మతో అని పడుకున్నాడు.

పిల్లలు గాలి నింపిన ప్లాస్టిక్ సంచుల్లో వచ్చాయి. సంచిని వెలుగుకు పట్టుకుని చూస్తే నల్లటి చుక్కలు, అవి కళ్లు. కళ్లు తప్ప ఇంకేమీ ఉన్నట్టు లేదు. నాయిన సంచులను ఒక గంటసేపు కుంట నీళ్ల మీద తేలనిచ్చి, నీళ్ల వేడికి అలవాటు పడ్డాక మూతి విప్పాడు. అంత పెద్ద చేతులు ఆ ముడులను విప్పడానికి ఎంత సమయం తీసుకున్నాయో. నేను డిగ్రీ రెండో ఏడు పరీక్షలు రాసి సెలవులకు వచ్చి గట్టు మీద నిలబడి ఉన్నాను. రాములు పెదనాయన నా వైపు చూసి, "నీ బిడ్డ సదువు గూడ ఇదే గదనే ఎల్లయ్యా, పురుగుల సదువు. ఇగ నీకేం తక్కువ" అన్నాడు. నాయిన మొహం వెలిగిపోయింది. ఆ వెలుగు చూసి నేను ఉబ్బిపోయాను.

ఆ పసి చేపపిల్లలకు తిండి కుంటలోని నలుసులే. పేడ కలిపితే నీళ్లు పచ్చబడతాయి, పచ్చదనాన్ని తిని నలుసులు పుడతాయి, వాటిని తిని పిల్లలు పెరుగుతాయి. తక్కువైతే పస్తులు, పేడ ఎక్కువైతే నీళ్లలో గాలి తగ్గి ఊపిరాడక చావులు. ఎంత ఉన్నాయో చూసుకోవడానికి చేపల ఆఫీసు సారు ఒకాయన ఈ గరాటు వలా, గాజు గొట్టం, అచ్చు కాగితం ఒకటి నాయినకిచ్చి పోయాడు. కాగితంలో రాసినన్ని మగ్గుల కుంట నీళ్లు ముంచి వలలో పోస్తే నీళ్లు కారిపోయి నలుసులు గొట్టంలో దిగుతాయి. చిటికెడు ఉప్పు వేస్తే అడుగున పేరుకుంటాయి. మూడో గీత దాకా ఉంటే చాలు, లేకపోతే పేడ వెయ్యాలి. కాగితంలో అన్నీ ఉన్నాయి, ఏ వేళప్పుడు చూడాలో మాత్రం లేదు. నాయిన దాన్ని చూరులో పెట్టి మరిచిపోయాడు. ఆయనకు ఆయన పద్ధతి ఉంది. సూర్యుడు రాకముందే కుంటలో మోకాళ్ల దాకా దిగి, దోసిలిలో కాదు, ఒక్క అరచేతిలో నీళ్లు తీసుకుని, తూర్పు వెలుగుకు అడ్డంగా పట్టుకుని చూసేవాడు. "మస్తుగున్నయ్" అనో, "జర పలచబడ్డయ్" అనో అనుకునేవాడు. అంతే ఆయన లెక్క.

ఆ పద్ధతి చూసి నాకు చిన్నతనమనిపించింది. కాలేజీలో ప్రతి ప్రాక్టికల్‌కూ రికార్డు రాసి సంతకం పెట్టించుకునేదాన్ని, మా నాయిన అరచేతిలో చూసి మస్తుగున్నయ్ అంటే ఊరుకుంటానా? వల దింపి దులిపాను. పొద్దున్నే లేచే అలవాటు నాకు ఎలాగూ లేదు. పైగా గీతలు సరిగ్గా కనపడాలంటే మంచి వెలుతురుండాలని నాకు నేనే శాస్త్రం చెప్పుకుని, మధ్యాహ్నం పన్నెండింటికి కుంటకు పోయాను. నడినెత్తిన ఎండ. బిందె పట్టుకుని బావికి పోతున్న నాయనమ్మ నాకు ఎదురైంది కూడా. "ఏడికే ఈ ఎండల?" అంటే, "నీకే ఉన్నదా ఎండ పిచ్చి?" అని నవ్వుతూ పోయాను. గట్టు మీద నుంచే వంగి పైపై నీళ్లు ముంచి వలలో పోశాను. గొట్టంలో మొదటి గీత కూడా నిండలేదు. పిల్లలు పస్తులుంటున్నాయి, నాయినకు తెలియడం లేదు. పుస్తకంలో తేదీ వేసి రాసి పరుగెత్తుకొచ్చాను.

నాయిన నమ్మలేదు. నిజం చెప్పాలంటే నమ్మలేదు, కానీ ఆ మాట అనలేదు. "పొద్దుగాల చూస్తే కదులుతున్నయే బిడ్డా" అన్నాడు మెల్లగా. "నువ్వు మసక వెలుగులో చూసినవు నాయినా. బురద నలుసులై ఉంటయి. ఇదిగో చూడు, గీతలున్నయి" అని గొట్టం చూపించాను. ఆయన గొట్టాన్ని రెండు చేతులతో తీసుకుని చాలాసేపు చూశాడు. ఆ సాయంత్రం నాలుగు తట్టల పేడ నానబెట్టి చల్లాడు. మర్నాడు నా మధ్యాహ్నపు గొట్టంలో మళ్లీ అదే. ఇంకో నాలుగు తట్టలు, పైన నూనె తీసిన పల్లిచెక్క పిండి. మూడో రోజు పొద్దున నేను పళ్లు తోముకుంటుంటే కుంట దగ్గర నుంచి వచ్చి, తడి చెయ్యి ఇంకా ముందుకే చాపి పట్టుకుని, "ఇవ్వాళ మస్తుగున్నయే. చెయ్యి నిండ ఆడుతున్నయ్" అన్నాడు. నేను నురుగు ఉమ్మేసి, "నిన్న మొదటి గీత కూడా దాటలేదు నాయినా, పుస్తకంలో రాసి ఉంది" అన్నాను. ఆయన తన అరచేతి వైపు ఒకసారి చూసుకుని కండువాకు తుడుచుకున్నాడు. "నువ్వన్నంక ఇగ ఉండయ్ తియ్" అన్నాడు. ఆ చెయ్యి తుడుచుకోవడం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంటుంది. మూడో రోజు కూడా పేడ పడింది. ఆ మధ్యాహ్నం నుంచే మబ్బు పట్టింది. ఇక ఎండ జాడ లేదు.

నాలుగో రోజు తెల్లవారకముందే నాయిన గొంతు విని లేచాం. అరుపు కాదు, వాకిట్లో నిలబడి "లేవుండ్రి, పిల్లలు నోర్లు తెరుస్తున్నయ్" అంటున్నాడు. అమ్మ బిందె, నేను టార్చి పట్టుకుని పరుగెత్తాం. కుంట నిండా పైకి తేలిన పిల్లలు, గాలి కోసం నీటి అంచును కొరుకుతున్నట్టు నోళ్లు. చిటపటమని చిన్న చప్పుడు, సన్నటి వాన పడుతున్నట్టు. మోటారు పెట్టి నీళ్లు పైనుంచి చిమ్మితే నీళ్లలో గాలి చేరుతుంది. కరెంటు లేదు. నాయిన స్టార్టర్ మీట నొక్కుతూనే ఉన్నాడు, లేని కరెంటు ఎక్కడి నుంచి వస్తుంది? ఎవరు చెప్పారో ఏమో పన్నెండు ఇళ్లవాళ్లూ వచ్చేశారు. రాములు పెదనాయన తునికి కొమ్మలు విరిచి అందరికీ పంచాడు. నడుము లోతులో దిగి నీళ్లను కొట్టారు. ఆడవాళ్లు బిందెలతో ఎత్తి ఎత్తి పోశారు, కొందరు చేటలతో చిమ్మారు. కొట్టిన చోట కాసేపు పిల్లలు మునిగేవి, చెయ్యి ఆపగానే మళ్లీ తేలేవి. అంత పెద్ద కుంటకు ఎన్ని చేతులని సరిపోతాయి? ఎంత వెతికినా తూర్పున మబ్బు తప్ప ఏమీ లేదు. ఎండ పడితే పచ్చటి నీళ్లే గాలి పుట్టిస్తాయి. ఎండ మన చేతిలో పని కాదు. ఎండ కంటే ముందు వచ్చినవి కొంగలు, వాటికెవరు కబురు పెట్టారో, వరసగా గట్టు మీద దిగాయి.

ఏం చెయ్యాలో తెలియక, చేతులకు అలవాటైన పనే చేశాను. టార్చి గట్టు మీద పెట్టి మగ్గుతో నీళ్లు ముంచి వలలో పోశాను. సగం మగ్గులు పొయ్యకముందే గొట్టం మూడో గీత దాటింది, ఆఖరి గీత దాటింది. టార్చి వెలుగు పడ్డ చోట నీళ్లు ఉడుకుతున్నట్టు నలుసులు గిరికీలు కొడుతున్నాయి. అప్పుడు తట్టింది. తట్టిందంటే, కొత్తగా తెలియడం కాదు. రెండు నెలల కింద పరీక్షలో రాసిన జవాబు అది. నలుసులు పగలు వెలుతురుకు, తినడానికి వచ్చే చేపల కళ్లకు దొరకకుండా అడుగుకు దిగడం, చీకటి పడ్డాక మేతకు పైకి లేవడం, సముద్రాల్లోనే కాదు, లోతు తక్కువ ఉప్పునీటి కయ్యల్లో కూడా. సూర్యుడి బొమ్మ కింద కిందికి బాణాలు, చంద్రుడి బొమ్మ కింద పైకి బాణాలు, రంగు పెన్సిళ్లతో. లెక్చరర్ మెచ్చుకున్నారు కూడా. నా బుర్రలో అది సముద్రం సంగతి. నేను సముద్రం చూసి ఎరుగను. మా కుంటకు దాంతో సంబంధం ఉంటుందని అనుకోలేదు, నడుము లోతు నీళ్లలో పైకేంది, కిందికేంది? నా తెలివి తెల్లారినట్టే ఉంది. ఒక చేతిలో నిండు గొట్టం పట్టుకుని, మా అమ్మ వంగి లేచి బిందె ఎత్తిపోయడం చూస్తూ నిలబడ్డాను. గొట్టంలో నీళ్లు ఎవరూ చూడకుండా కుంటలో ఒంపేశాను.

బాగా పొద్దెక్కాక కొంచెం వెలుగొచ్చింది. అప్పటికి గట్టు వెంబడి తెల్లటి అంచు కట్టింది. చేతికి తీసుకుంటే ఒక్కొక్కటి గోరంత కూడా లేదు. నాయిన మోటారు పక్కనే చతికిలబడ్డాడు. ఎవరి కొమ్మలు వాళ్లు పక్కన పడేసి, తడి బట్టలతో ఇళ్లకు పోయారు.

ఆ మధ్యాహ్నం ఎప్పటిలాగే నాయనమ్మ బిందె తీసుకుంది. అంత ఘోరం జరిగాక కూడా ఈమెకు నీళ్లేనా అని ఒళ్లు మండి వెనకే పోయాను. ఆమె పొడి మెట్టు మీద వంగి పైనీళ్లు తీసుకుంటుంటే, ఏమాత్రం సిగ్గు లేకుండా అడిగాను, "నలుసులు ఎండకు కిందికి పోతయని నాకు ముందే ఎందుకు చెప్పలేదు నాయనమ్మా?" ఆమె బిందె నింపడం ఆపి నా వైపు చూసింది. "చెప్పలేదా? నువ్వు పుట్టినకాడికెల్లి చెప్తనే ఉన్న గదనే" అన్నది. కోపంగా కాదు, నిజంగానే ఆశ్చర్యపోయి. నేను మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. ఆమెకు ఎందుకో అర్థమయిందో లేదో తెలియదు. బిందె ఎత్తమని మాత్రం అడిగింది.

రెండు రోజుల తరవాత సంఘం కూర్చుంది, మా వాకిట్లోనే. నేను చాయ గ్లాసులు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. నాయిన లేచి, "నా చెయ్యే ఎక్కువైంది. పేడ ఎక్కువ పడ్డది. తప్పు నాది" అన్నాడు. నా వైపు చూడనైనా చూడలేదు. చూస్తే నేను చెప్పేసేదాన్నేమో. అనుకోవడానికేం, ఇప్పుడు ఎన్నయినా అనుకోవచ్చు. అప్పుడు చేసింది మాత్రం చాయ గ్లాసులు ఒక్కొక్కరికీ అందించడం, అంతే. రాములు పెదనాయన, "పోనీ తియ్ ఎల్లయ్యా. నీళ్ల మీద ఎవనికి పెత్తనమున్నది" అన్నాడు. ఆ ఏడు పెద్దచెరువు నిండింది, అందులో మేం వదలడానికి ఏమీ లేదు. వలలు చూరుల్లోనే వేలాడాయి. మా ఇళ్లవాళ్లు మిరప తోటలకూ, బొగ్గు లారీల దగ్గరకూ కూలికి పోయారు. కోయగూడెం నుంచి ఇప్పపూలు తెచ్చిన ఆమె మా వాకిట్లో నిలబడి, చేపల కోసం అటూ ఇటూ చూసి, పూలు ఊరికే ఇచ్చి పోయింది. అమ్మ ఆ పూలు చాలా రోజులు ముట్టుకోలేదు.

ఇప్పుడు ఆ దిగుడుబావిని పూడ్చేసి మీద సిమెంటు పలకలు పరిచారు. మా మరదలు నీళ్ల డబ్బా తెప్పిస్తుంది, ఆటో వచ్చి గుమ్మంలో దించిపోతుంది, ఏ వేళకు తాగినా ఒకటే రుచి. నాయనమ్మ పోయింది, ఆ తరవాత చాలా ఏళ్లకు నాయినా పోయాడు. నా విద్యార్థులకు ఈ పాఠం వచ్చినప్పుడు నేను పుస్తకం తెరవను. ఊరి బయట చెరువుకు మధ్యాహ్నం ఒకసారి, తెల్లవారకముందు ఒకసారి రమ్మంటాను. "అంత పొద్దున ఆడపిల్లలను రమ్మనుడేంది మేడం" అని తల్లులు పోట్లాటకొస్తారు. మీరూ రండి అంటాను. వచ్చినవాళ్లలో ఎవరైనా ఒకరు, మా అత్తగారు కూడా ఇట్లనే మధ్యాహ్నమే నీళ్లు తెచ్చేది అంటారని ప్రతి ఏడూ ఎదురుచూస్తాను. ఇంతవరకు ఎవరూ అనలేదు.

ఒకటి మాత్రం నేను ఎవరికీ చెప్పలేదు. మరుసటి ఏడు కుంటను చూడమంటే ఇంకెవరూ ముందుకు రాలేదు. మళ్లీ నాయిననే అడిగారు. "మా బిడ్డ వచ్చి చూసి చెప్తనంటేనే చేస్త" అన్నాడట. నేను వచ్చాను. పిల్లలను వదిలిన రెండో రోజు తెల్లవారకముందే లేచి, ఆయనను కుంట దగ్గరికి తీసుకుపోయాను. వల తీసుకోలేదు, గొట్టం తీసుకోలేదు. "నాయినా, నువ్వే చూడు" అన్నాను. ఆయన నా మాట కాదనలేక మోకాళ్ల దాకా దిగి, అరచేతిలో నీళ్లు తీసుకుని తూర్పు వెలుగుకు పట్టాడు. పక్కన నిలబడ్డ నాకు కనిపిస్తున్నాయి, చెయ్యి నిండా నలుసులు, ఎగిరెగిరి పడుతున్నాయి. ఆయన ఒక క్షణం చూసి, తల ఎత్తి నా మొహంలోకి చూశాడు. "ఏమో బిడ్డా, నాకేం తెలుస్తలేదు. నువ్వే చెప్పు, ఉన్నయా?"

నేను అప్పుడు చెప్పేశాను. నిరుడు తప్పు నాదేనని, పొద్దున ఆయన చూసిందే నిజమని, నేను పోకూడని వేళకు పోయి చూశానని, పిల్లలు నా పుస్తకం వల్లే పోయాయని. ఏడుపు ఆపుకుంటూ, ఒక్కటీ మిగల్చకుండా చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నాడు. తరవాత నవ్వాడు, నన్ను ఓదార్చడానికి. "పిచ్చిదానా, నా మీద మాట రానియ్యద్దని గిట్ల చెప్తున్నవా? సదువుకున్నదానివి, నీకెట్ల తప్పుతది?" అన్నాడు. ఎంత చెప్పినా వినలేదు. చెయ్యి ఇంకా నా ముందుకే చాపి ఉంది, వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారిపోతున్నాయి. "చెప్పు బిడ్డా, ఉన్నయా లేవా?" అని మళ్లీ అడిగాడు.

"ఉన్నయి నాయినా" అన్నాను.

"అట్లనా. మరి రాసుకో" అని, చెయ్యి కండువాకు తుడుచుకుని గట్టెక్కాడు.